రెండున్నర

మనిషికి రెండున్నర ఉండదు.
రెండుంటాయి, లేదా మూడు.
తెరమీద మాత్రం
2.46 అని నిక్కచ్చిగా నిలబడింది అంకె.

ఎండల్కాచ్యూ నా ముఖంకేసి చూశాడు,
నేను కిటికీకేసి.
అదిస్ అబాబా మీద ఆగస్టు వాన.
ఎన్‌తోతో కొండ కనబడక మూడ్రోజులు.

రక్తం కింది వార్డుది.
ఎత్సెగెనెట్, ఇరవయ్యారేళ్లు, సిజేరియనై ఐదోరోజు.
నొప్పికి కోడీన్ మాత్రలు, అందరికీ ఇచ్చేవే.
పసివాడు పాలు తాగి నిద్రపోయాడు,
లేపినా నిద్రపోయాడు,
గిచ్చినా.
నర్సు మెసెరెట్‌కి అది నచ్చలేదు.
మాత్ర ఆపించి, డబ్బాపాలు పట్టించి
ఒక గొట్టం రక్తం పైకి పంపింది:
ఆ మందును మార్ఫీన్‌గా మార్చే జన్యువు
ఈ తల్లికి ఎన్ని ప్రతులు?
ఎక్కువుంటే ఏకు మేకవుతుంది.
మా దేశంలో చాలామందికి ఎక్కువే.

మా పని చెప్పుకుంటే చిన్నది.
డీఎన్ఏను నూనెలో ఇరవై వేల బిందువులుగా విడగొడతాం.
జన్యువు దూరిన బిందువు వెలుగుతుంది, దూరనిది చీకటి.
అందరికీ రెండే ఉండే మరో జన్యువును పక్కన తూకంరాయిగా పెట్టి
నీలి దీపాలెన్నో, పచ్చ దీపాలెన్నో లెక్కిస్తాం.
కాకిలెక్క కాదు.

"కత్తెర వేశావా?" అన్నాను.
జవాబు లేదు.
ఫ్రీజర్‌లో ఎంజైము సీసా మూత తియ్యకుండానే ఉంది.

కవలలవి. ఒకే దారం మీద పక్కపక్కన.
కోయకపోతే చెయ్యీ చెయ్యీ పట్టుకుని
ఒకే బిందువులోకి దూరతాయి,
యంత్రానికి ఒక్క దీపమే కనిపిస్తుంది.
పీల్చి వదిలేటప్పుడు కొన్ని వాటంతటవే తెగి ఉంటాయి,
అందుకే ఆ అర.

అతణ్ణి ఏమీ అనలేదు.
ఉద్యోగంలో చేరిన ఏడాది
నేనూ ఒక 2.3ను రెండని రాసి సంతకం పెట్టాను.
ఎవరిదో చెప్పను.

మళ్లీ మొదలు. కోసి, గంట వెచ్చబెట్టి,
బిందువులు చేసి, మరగబెట్టి, చల్లార్చి.
మధ్యలో కరెంటు పోయింది,
జనరేటరు దగ్గి దగ్గి లేచింది,
కాఫీ మీద తెట్టు కట్టింది.

మా గడియారంలో రాత్రి మూడు
(మిగతా లోకానికి తొమ్మిది)
తెరమీద 2.98.
కాగితం మీద అక్షరాల్లో రాశాను: మూడు.

ఫోన్ చేస్తే మెసెరెట్ నవ్వింది.
"సాయంత్రమే కళ్లు తెరిచి గుక్కపట్టాడు,
మీ అంకె కోసం ఆగలేదు."

అయినా చీటీ పంపాను:
ఈమెకు కోడీన్ వద్దు, ఎప్పటికీ.
తోడబుట్టినవాళ్లనూ రమ్మనండి.

ఆరుగురు చెల్లెళ్లట.
ఎండల్కాచ్యూ రేపటి జాబితా పైన
ఎర్ర సిరాతో
కత్తెర బొమ్మ గీస్తున్నాడు.