తెల్ల టేపు మీద పేర్లు

గాలివాన పోయిన మూడో నాటికి
హరిపురం జంక్షన్‌లో మా సెల్ కొట్టు ముందు
కొబ్బరి మొద్దు ఇంకా అడ్డంగానే ఉంది.
సగం లేపిన షట్టరు కింద నుంచి
వంగి వచ్చేవారు జనం,
చంటిపిల్లని తెచ్చినట్టు
ఫోన్ని కొంగులో చుట్టుకుని.

జనరేటరు మా బావమరిదిది. పెళ్ళిళ్ళకి తిప్పేది.
సీరియల్ లైట్లు పీకేసి
దానికి పదకొండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు తగిలించాం.
గంటకి పది రూపాయలు.
లేనివాళ్ళ దగ్గర తీసుకోలేదని చెప్పను.
కొందరి దగ్గర తీసుకున్నాను.
డీజిల్ ఆ రోజుల్లో సీసాల్లో అమ్మారు.

సన్న పిన్ను, సీ పిన్ను, పాతకాలం గుండ్రటి పిన్ను.
ఐఫోను చుట్టుపక్కల ఒక్కటే, రైసుమిల్లు వాళ్ళబ్బాయిది.
దాని వైరు ఎవరి దగ్గరా లేదు, అతని దగ్గర కూడా.
నెమలి బొమ్మల బ్యాక్ కవర్లు
అటక మీద తడిసి ఉబ్బిపోయాయి.
వాటి ఊసెత్తిన వాళ్ళు లేరు.

ఒకే కంపెనీవి, ఒకే రంగువి, ఎన్నో ఫోన్లు.
కలిసిపోతాయని
దెబ్బలకి వేసే తెల్ల టేపు ముక్క
ఒక్కోదాని వీపున అంటించి బాల్ పెన్నుతో రాశాను:
ఢిల్లేసు, జీడి బట్టీ.
నీలాద్రి గారి కోడలు.
మేకల అసిరయ్య.
దాలమ్మ, అద్దం ముందే పగిలింది.

కేశవరావు ఫోను వాళ్ళ తమ్ముడు తెచ్చాడు.
బురద కడిగి, ఒక రాత్రి బియ్యం డబ్బాలో ఉంచి.
బియ్యపు గింజ ఒకటి
చార్జింగు రంధ్రంలో ఇరుక్కుంటే సూదితో తీశాను.
"దీనికి మటుకు నిండా ఎక్కించన్నా" అన్నాడు.
పేరు నేను రాస్తుంటే అటు తిరిగి నిలబడ్డాడు.

టవరు మెడ విరిగి తోటలో పడి ఉంది.
మాటలు వెళ్ళవు, రావు.
మరి చార్జింగు ఎందుకే అంటే దాలమ్మ
"నేకపోతే నేకపోనాది బాబూ,
సచ్చిన పోన్ని ఇంట్లో ఎట్టుకోనేను" అంది.
అసిరయ్యకి ఫొటోలు కావాలి.
నష్టం రాసుకోడానికి వచ్చే బాబుకి చూపించాలట.
నలభై రెండు జీడిచెట్లు
ఆ అరచేతి అద్దంలో ఇంకా నిలబడే ఉన్నాయి,
ఎండలో, పూతతో,
మధ్యలో ఎవరిదో మేక.

ఐదో రాత్రి
బల్ల పక్కన గోనె పరుచుకుని పడుకున్నాను.
రెండు దాటాక ఒక ఫోను గురక పెట్టినట్టు కదిలింది.
తర్వాత ఇంకొకటి.
తర్వాత బల్లంతా,
వల దులిపితే ఇసుక మీద పడ్డ కవళ్ళలాగా
అరవై ఫోన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగిరిపడ్డాయి.
ఎక్కడో ఏదో సరిచేశారు.
ఐదు రోజుల మాటలు ఒక్కసారే వచ్చి పడుతున్నాయి.
చదవకూడదు. చదివాను.
ఉన్నావా. ఎత్తు. ఎత్తవేటి.
ఇల్లు ఉందా. ఆవు ఉందా.
ఒరే ఎత్తరా.

దాలమ్మది మోగింది. ఎత్తాను.
"ఒసే దాలీ, బతికున్నావేటే?"
బరంపురం బజారులో ఎండుచేపలమ్మే స్నేహితురాలట.
నేను కొట్టు వాణ్ణమ్మా అన్నాను.
దాలమ్మ బానే ఉంది,
పొద్దుగూకాక వచ్చి చార్జింగు ఎంతైందో చూసి వెళ్ళింది.
"ఎంతైనాది?"
డెబ్బై ఒకటి.
అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత నవ్వో ఏడుపో, ముక్కు చీదిన చప్పుడు.
"డబ్బులిచ్చినాదా అది నీకు?"

తెల్లారేదాకా అదే పని.
టేపు చూడటం, పేరు చదవటం,
ఆ, ఉన్నారు, ఆ, గోడ ఒకటే పడింది, మనుషులున్నారు.
తెలియని వాళ్ళకి కూడా ఉన్నారనే చెప్పేశానేమో,
రెండు మూడు.

నాలుగున్నరకి కేశవరావుది మోగింది.
తెర మీద 'పారాదీప్ మేస్త్రి' అని ఉంది.
మోగి ఆగింది.
మళ్ళీ మోగింది.
చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాను, తడేమీ లేదు.
అది జరిగి జరిగి బల్ల అంచుకి వస్తే
పడిపోకుండా లోపలికి నెట్టాను, అంతే.
పైన ఆకుపచ్చగా
నూటికి నూరు.