ఎర్ర కాటుక

ఉన్ని మిల్లు మూసేసిన ఏడు
చేతిలో పెట్టి పంపిన డబ్బుతో
పదకొండు పెయ్యలు కొన్నాను.
"కుట్టుమిషను కొనుక్కోవాల్సింది" అన్నాడు
మా అన్న అదెమార్.
ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహం,
పాలగిన్నెలో మూతి ముంచి
అప్పుడే తలెత్తినట్టు.
హెరిఫర్డులు.

కంచెకి అటువైపు అతని ఆంగస్‌లు,
వాలు మీద ఆరబోసిన బొగ్గుల్లా.

శనివారం సాయంత్రాలు
మాతే బుర్ర కంచె మీదుగా చేతులు మారుతుంది.
ఒక గుక్క తాగి వేళ్ళు మడుస్తాడు:
ఈత తేలిక, కొమ్ముల బెడద లేదు,
కంటి జబ్బు రాదు, నల్లతోలుకి
కిలోకి నాలుగు డబ్బులు ఎక్కువ.
నేను మడిచేది ఒక్క వేలే.
"నావి తన్నవు."
"సాధుగుణాన్ని తూకం వేస్తాడా
కబేళా వాడు?"

బ్రెజిల్ సరిహద్దు రాయి దగ్గర
జురాందిర్‌కి ఒక తెల్ల ఎద్దుంది.
ఇంత మూపురం,
మోకాళ్ళ దాకా ఊగే గంగడోలు.
పిడుదులు దాని మీద నిలవవట.
నెలోరె అంటాడు దాన్ని.
"అది ఏ ఊరి పేరు?" అనడిగాను.
"పేరుకి ఊరేంటి" అన్నాడు.
ఎద్దు నెమరు ఆపి
నావైపు చూసింది,
తనకేదో తెలిసినట్టు.

మూడేళ్ళ కిందటి జనవరి.
మాకది నడి ఎండాకాలం.
కుంట అడుగు పెంకులై లేచింది.
ఆంగస్‌లు కంచె పట్టుకుని అరిచాయి.
నావి మాత్రం
ముళ్ళగడ్డిని కూడా సణగకుండా నమిలాయి.
ఆ ముక్క లెక్కల పుస్తకంలో రాశాను,
తేదీ వేసి, కింద గీత గీసి,
అదెమార్‌కి చూపిద్దామని.

చూపించలేదు.
ఆ వారమే నలభై ఏడో నంబరు
ఎడమ కంట నీరు కారుతూ వచ్చింది.
ఈగలు.
రెప్ప అంచున బియ్యపుగింజంత
గులాబిరంగు మొలక.
"రంగు లేని చోట
ఎండ నేరుగా దిగిపోతుంది జుల్మా"
అంది డాక్టరు లౌర్దెస్
చేతి తొడుగులు లాక్కుంటూ.

కన్ను తీసేసింది.
దాని తలని నా పొట్టకి ఆనించి
నేనే పట్టుకున్నాను.
తన్నలేదు.
ఆ ఒక్కరోజు
తన్ని ఉంటే బాగుండు.

సాయంత్రం అదెమార్ వచ్చాడు.
శనివారం కాదు అది.
నీళ్ళు కాచాడు, బుర్ర నింపాడు,
నల్లతోలు మాట ఎత్తలేదు.

ఆగస్టులో ఒంటి కంటితోనే ఈనింది.
దూడ ఎప్పుడూ కుడి పక్కనే.
తప్పి ఎడమకి పోతే
మేత వదిలేసి
గుండ్రంగా తిరిగి తిరిగి
మళ్ళీ దాన్ని వెలుతురులోకి తెచ్చుకునేది.

ఆ దూడని రెండేళ్ళకి లారీ ఎక్కించాను.
నాలుగు వందల అరవై కిలోలు.
సంతకం పెట్టాను, డబ్బు లెక్కపెట్టుకున్నాను.
దాచేదేముంది, నేను చేసే పని ఇదే.

మొన్న వేలంలో అందరూ
కోడెల నడుములు తడుముతున్నారు,
తొడలు, తూకం చీటీలు చూస్తున్నారు.
నేను మాత్రం ఒక్కోదాని ముందు వంగి
పెళ్ళిచూపుల్లో పిల్ల పళ్ళు లెక్కపెట్టే
మేనత్తలా
కళ్ళే చూసుకుంటూ నడిచాను.

తొమ్మిదో దొడ్లో ఉన్నాడు వాడు.
నడుము పొట్టి, వెనక భాగం అంతంతమాత్రం.
కానీ రెండు తెల్ల చెంపల పైన
రెండు కళ్ళ చుట్టూ
ఎవరో చూపుడువేలితో దిద్దినట్టు
ఎర్ర కాటుక.

"బక్కోడు" అన్నాడు అదెమార్.
చెయ్యెత్తాను.
కాసేపాగి అడిగాడు,
"ఆ గీత దూడలకి వస్తుందా?"
"కొన్నిటికి."
"కొన్నిటికేనా" అన్నాడు,
తన జేబులోని నోట్లు కూడా తీసి
నా చేతిలో పెడుతూ.

దారి పొడుగునా లారీలో
ఎదురెండకి కళ్ళు చికిలించకుండా
నిలబడే ఉన్నాడు వాడు.
దించగానే అన్నిటికన్నా ముందు
నలభై ఏడే వచ్చింది,
మెడ తిప్పి,
కుడివైపు నుంచి.