నోరు తెరిచే వేళ

విత్తనాలు నశ్యంలా ఉన్నాయి.
గట్టిగా ఊపిరి వదిలితే చాలు, ఎగిరిపోతాయి.
మట్టి కప్పకూడదట, వెలుతురు తగలాలట.
భావనపాడు సబ్‌సెంటరు వెనక
పగిలిన నీళ్ల ట్యాంకు అడుగుముక్కలో
ఇసకా పేడా కలిపి, కార్తీకంలో చల్లాను.
నీళ్లు పొయ్యలేదు,
తడిగోనె పైన పట్టుకుని పిండానంతే.

పుష్యానికి నడుమెత్తు.
ఆకు ముట్టుకుంటే బంక,
నలుసంత ఈగలు అతుక్కుని చచ్చేవి.
పగలంతా పువ్వులు
నైట్ డ్యూటీ దిగినవాళ్లలా తలలు వేలేసేవి.
పొద్దు వాలాకే
పొడుగాటి తెల్లగొంతులు నిక్కేవి.
ఎండుచేపల వాసనను మోచేత్తో తోసుకుంటూ
వాటి వాసన వీధిలోకి వెళ్లేది.

నా ఉద్యోగం నోళ్లు చూడడం.
అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో టార్చి వేసి
తెల్లమచ్చ ఉందా, ఎర్రచుక్క ఉందా
రిజిస్టరులో రాయడం.
సూరాడ దానమ్మ మూడేళ్లుగా
నన్ను తిట్టడానికి తప్ప నోరు తెరవలేదు.

"సిస్టరమ్మ పొగాకేసినాదట" అని పేటంతా నవ్వితే
చూడ్డానికొచ్చింది.
నేను పండుటాకులు గిల్లుతున్నాను.
ఒకటి లాక్కుని, నలిపి, వాసన చూసి పారేసింది.
"ఇదేటి పొగాకు! పేరు సెడగొట్టినాది."

అయినా వెళ్లలేదు.
గట్టుమీద కూలబడి చుట్ట ముట్టించి
నిప్పుకొస నోట్లోకి తిప్పుకుంది.
ఎందుకలా అని అడిగాను,
ఈసారి రిజిస్టరు కోసం కాదు.

"నెత్తిమీద గంప. రెండు సేతులూ దానికే.
ఈ గాలికి సుట్ట నిలస్తాదా?
లోపలెట్టుకుంటే ఆరదు."

మసక పడింది.
పువ్వు ఒకటి విచ్చుకుంటుంటే ఇద్దరం చూస్తూ ఉన్నాం.
ఎటునుంచో బొద్దు రెక్కలపురుగు వచ్చింది,
వాలకుండా గాల్లోనే నిలబడి
తన పొడుగు నాలుకంతా ఆ గొంతులోకి దింపింది.

దానమ్మ చుట్ట తీసి గట్టుకు నలిపింది.
"పురుక్కే సూపిస్తన్నాది.
నాదీ సూసీ."

టార్చి వేశాను.
నౌపడ ఉప్పుమడిలా తెల్లటి అంగిలి.
నడిమధ్య, ఎర్రగా, రెండు.
సోమవారం శ్రీకాకుళం వెళ్దామన్నాను.
"సోమారం ఏట రేవుకొస్తాది."
మంగళవారం అన్నాను.
చీకట్లో ఆమె ఏమీ అనలేదు.

లోపలికెళ్లి పేరు రాశాను.
వేళ్లకింకా ఆకు బంక.
చెయ్యి ఎత్తబోతే
పేజీ కూడా లేచింది.