ఎర్ర దారం

కాఫీ కెటిల్ కోసం వేలంపాటకి వెళ్ళి
తుపాకీ కొనుక్కొచ్చాను.
రెండూ ఒకే మూట, విడదీసి ఇవ్వం అన్నారు.
కెటిల్‌కి అడుగున చిల్లి.
తుపాకీకి ఏ లోపమూ లేదు,
దాని నోటికి సరిపడే తూటా
ఈ భూమ్మీద ఎవరూ చెయ్యకపోవడం తప్ప.

కర్ర మీద నంబరుంది: ఎనభై మూడు.
ఆ ఎనభై మూడో సిపాయి ఎవరో గానీ
పొలం దున్నుకుంటూ, ఏటా కొన్నాళ్ళు కవాతు చేస్తూ
యుద్ధం రాకుండానే ముసలివాడై ఉంటాడు.
మా యెమ్ట్‌లాండ్‌లో అలాంటి అదృష్టవంతులు కొల్లలు.

బిస్కెట్ డబ్బాలో ఇరవై ఇత్తడి తొడుగులు.
వేరే తుపాకీవి, లేతు మీద కోసి
దీనికి సరిపెట్టినవి,
అక్క గౌను విప్పి చెల్లెలికి కుట్టినట్టు.

మార్చిలో, సరస్సు మంచు ఇంకా ట్రాక్టర్లని మోస్తుండగా
షెడ్డులో సీసం కరిగిస్తాను.
పాత వలల బరువులు అవి.
మూస చల్లగా ఉంటే గుండు ముడతలతో పుడుతుంది,
మళ్ళీ కుండలోకే.
ముప్ఫయ్యేళ్ళు కట్టుడుపళ్ళు పోతపోసిన చేతులు,
ముడతని ఒప్పుకోవు.
నా మొహం మీదైతే వేరే సంగతి.

ఇత్తడిని మెత్తబరచడం ఫెర్హాద్ పని.
సరయెవోలో వాళ్ళ నాన్నది కంచరి కొట్టు.
ముట్టడి రోజుల్లో వీధిలో ఏరుకొచ్చిన గొట్టాల మీద
పూలు చెక్కేవాడట.
ఏ పూలు అంటే
కొన్నవాళ్ళు అడిగిన పూలు, అన్నాడు.

స్పిరిట్ దీపం మంటలో తొడుగు అంచు తిప్పుతాడు,
అడుగు వట్టి వేళ్ళతోనే పట్టుకుని.
వేలు ఇక చాలంటే చాలు, అదే లెక్క.
నీళ్ళలో చుయ్‌మంటుంది.
ఒక్కోసారి చెవి ఒగ్గి విని
"ఇది అలిసిపోయింది" అంటాడు.
పక్కన పెట్టేస్తాను.
దాదాపు ఎప్పుడూ.

మందు కూరేటప్పుడు అతను ఉండడు.
ఏమీ అనడు, కోటు తీసుకుంటాడు.
గుండుకీ మందుకీ మధ్య గాలి ఉండకూడదు,
ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బుతుంది.
మా ఇద్దరి మధ్యా ఒక కోటంత ఖాళీ ఉంది,
ఇన్నేళ్ళుగా ఏమీ ఉబ్బలేదు.

ఆగస్టులో పాత తుపాకుల పోటీ.
ఇరవై సార్లు తెల్లటి పొగ, ఇరవై సార్లు భుజం మీద గుద్దు,
కాగితం నిండా చెదిరిన చిల్లులు.
ఎనభై మూడుకీ ఇంతకన్నా గురి కుదిరుండదు.
ఆ రోజు ఫెర్హాద్ సరస్సు అవతల గాలమేసుకు కూచుంటాడు,
గాలి అటు వీచని చోటు చూసుకుని.

రాత్రి తొడుగులు సబ్బునీళ్ళలో వేస్తే
ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన.
ఈసారి ఒకటి నోటి దగ్గర చీలింది, వెంట్రుకంత.
వేలికి తెలిసింది, కంటికి తెలియలేదు.
అతను అలిసిపోయిందన్నదే.
లెక్క తగ్గుతుందని నేనే మిగతావాటిలో కలిపేశాను.

చెత్తబుట్టలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.
వారానికి తెచ్చాడు: చీలిక కింది దాకా కోసి,
కాడ అతికి.
పూలేం లేవు.
కాఫీ కొలత. కప్పుకి తలకొట్టి ఒకటి.

మందు కొలిచేదీ అలాంటిదే నా దగ్గర,
అదే తొడుగు, అదే పొడుగు కాడ.
చీకట్లో చేతికి రెండూ ఒకటే.
ఒకదానికి ఎర్ర దారం కట్టాను.
దేనికి కట్టావని ఫెర్హాద్ అడగబోయేలోపు
అతను మాటు వేసిన కెటిల్
మూత ఎగరేస్తోంది.