అర్జీలో పట్టనివి

ఒక్క పేజీ, అంది ఖైరున్నీసా మేడమ్.
రెండో పేజీ కలెక్టరాఫీసులో ఎవరూ తిప్పరు.
మందుచీటీ రాయడం నేర్పినవాళ్ళు నాకు చాలామంది;
పీజీలో చేరాక
అర్జీ రాయమన్నది ఈమె ఒక్కతే.

మొదటి ప్రతి నాలుగు పేజీలొచ్చింది.
పట్టికలు, శాతాలు, అడుగున చీమల్లాంటి ఆధారాలు.
ఎర్ర పెన్ను మూత తీసి అడిగింది:
"నీకేం కావాలి?"
"న్యాయం" అన్నాను.
"ఆ పద్దు కింద బడ్జెట్ లేదు నాయనా.
ఎవరు, ఏ తేదీలోగా, ఏం చెయ్యాలి? అది రాయి.
రాశాక ఎవరికోసం రాశావో
వాళ్ళకు చదివి వినిపించు."

ఏర్పేడు దాటి, రైలు గేటు దగ్గర పావుగంట ఆగి,
యానాది కాలనీకి పోయాను.
మానికల అంకమ్మ ఎలుకబుట్ట అల్లుతా ఉంది.
పోయిన కార్తీకంలో, వరికయ్య గట్టున,
ఎలుక బొక్కలో చెయ్యి పెట్టిన ఆమె మొగుణ్ణి
రక్తపింజర కాటేసింది.
నా కాగితంలో అతను 'ముప్పై నాలుగేళ్ళ పురుషుడు'.

చదివాను. 'పాముకాటు మందు కొరత' దగ్గర
ఆమె చేతిలో ఈనె ఆగింది.
"మందు లేదని ఎవురు జెప్పినారు సామీ?
మందు ఉండాది. బీరువాలో ఉండాది.
బీరువా ఉండే గదికి తాళం.
ఆ తాళంచెవి నాలుగ్గంటలకు
స్కూటరెక్కి కాళాస్త్రికి పోతాది.
మా ఇంటాయన్ను పాము కరిసింది ఏడుకు."

ఏడుకు.
ఆ అంకె రాసుకుంటున్న నా చెయ్యి
ఎవరిదో అనిపించింది.
ఈ చేత్తోనే, పీజీకి రాకముందు, సత్యవేడు వైపు
కరెంటు పోయిన రాత్రుల్లో, టార్చి పళ్ళతో పట్టుకుని
'పెద్దాసుపత్రికి పంపడమైనది' అని రాశాను
ముగ్గురికి.
మందు ఉందో లేదో చూడలేదు.
వికటిస్తే నా మీదికొస్తుందని భయం.
ఆ ముగ్గురూ ఏమయ్యారని
ఏ రిజిస్టరూ నన్ను అడగలేదు.

ఇది అర్జీలో పట్టలేదు.
ఆటో బాడుగకు అమ్మిన రెండు కోళ్ళూ పట్టలేదు.
గేటు పడి, గూడ్సు బండి పోయేదాకా
మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని ఆమె లెక్కపెట్టిన పెట్టెలు
(యాభై దాకా వచ్చు ఆమెకు,
తర్వాత మళ్ళీ ఒకటి నుంచి).
క్యాజువాలిటీ బయట, గుండుకు గంధం పూసుకున్న యాత్రికుడెవరో
ఏడుస్తున్న మనిషికి ఏం చెప్పాలో తెలీక
చేతిలో పెట్టిపోయిన లడ్డు ముక్క.
కొంగున కట్టుకుంది. మూడోనాడు గుర్తొచ్చింది.

సోమవారం. టోకెన్ నూట పద్దెనిమిది.
తిరుపతిలో టోకెన్ పట్టుకుని నిలబడడం
ఎవరికీ కొత్త కాదు,
కాకపోతే ఈ క్యూ చివర దేవుడుండడు,
కళ్ళజోడు తుడుచుకుంటున్న అధికారి ఉంటాడు.
నేనింకా 'గౌరవనీయులైన' దగ్గరే ఉన్నాను.
అంకమ్మ అనేసింది:
"చెవి ఒకటి ఆస్పత్రిలోనే పెట్టమనండి సామీ.
రాత్రి ఉండే నర్సమ్మ కాడ."
"అంతేనా?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.
"అంతే."
పచ్చ సిరా. 'తగు చర్య నిమిత్తం'.

మెట్ల మీంచే మేడమ్‌కు ఫోన్ చేశాను సంబరంగా.
"చర్య ఎవరిది? తేదీ ఏది?"
కాగితం మళ్ళీ చూశాను. సంతకం ఉంది.

ఇప్పుడు రోజూ నాలుగుంబావుకు నా ఫోను మోగుతుంది.
వార్డు రౌండ్లో ఉన్నా ఎత్తుతాను.
"ఈ పొద్దూ పోయింది సామీ, స్కూటరు మింద."
తేదీ వేసి రాసుకుంటాను.
పదిహేడు అయ్యాయి.
అందులో రెండు రోజులు వాన,
స్కూటరు మీద ఇద్దరు పోయారట.

వచ్చే సోమవారానికి కొత్త కాగితం తీశాను.
ఒక్క పేజీ.
ముప్పై నాలుగేళ్ళ పురుషుణ్ణి కొట్టేసి
మానికల చెంగయ్య అని రాశాను.
పక్కన: సాయంత్రం ఏడు.