ఎడమ బొటనవేలు

హన్మకొండ చౌరస్తాకు రెండు సందుల ఎనుక
వాజిద్ దుకాణంల
అద్దాల పెట్టె మీద నాలుగు గిలకలు పెట్టిండు.
నల్లది, నీలిది, రాగి అంచుది,
ఇంకోదాని డబ్బా పోయిందట, ధర తగ్గిస్తనన్నడు.

"మొగిలన్నా, ఇండ్ల పదకొండు బేరింగులు."
లెక్క నేను పట్టించుకోలే.
చెవికి ఆనించుకొని తిప్పిన.
ఇరవై రెండేండ్ల సంది కాలిన మోటర్లకు తీగ చుడుతున్న,
బేరింగు అబద్ధమాడితే
పంటి కింద ఇసుక పడ్డట్టు తెలుస్తది.
నల్లది అబద్ధమాడింది.
నీలిది ఊకుంది.

పిడి ఒక్కసారి తిప్పితే లోపల ఏడు చుట్లు.
మంచిదే.
కొర్రమట్ట కప్పను మింగంగనే
తామర తూండ్లల్లకు దూరుతది,
అది మొదటి మెలిక వేసేలోపల
దాని తల మన దిక్కు తిరగాలె.

పక్కకు చిన్న చక్రం, ఒకటి నుంచి పది దాకా అంకెలు.
"మ్యాగ్నెట్ బ్రేకు" అని చెప్పవట్టిండు దుకాణంల పిలగాడు,
ఈ లోకంల మొదటిసారి తనే కనిపెట్టినట్టు.
తిరిగే లోహాన్ని అంటకుంటనే ఆపుతది అయస్కాంతం.
బిడ్డా, ఆ ముచ్చట తోనే నేను అన్నం తింటున్న.
అయినా విన్న.
వాడు చెప్పుడు బాగుంది.

అసలు బ్రేకు బొటనవేలు.
రబ్బరు కప్ప గాల్లె ఉన్నంతసేపు
దారం మీద వేలు ఆనీ ఆననట్టు ఉండాలె,
అది నీళ్లను తాకే రెప్పపాటు ముందు నొక్కాలె.
ఆలిశెమైతే
పోయే జాగ లేక దారం లోపల్నే పొంగుతది,
చాటల పోసిన సేమియా లెక్క.

నా కుడి బొటనవేలికి ఆ రెప్పపాటు తెల్వదు.
వర్ధన్నపేట మోటరు ఒకటి, మరిగే వార్నిషు, పోయిన ఎండకాలం.
తోలు మల్ల వచ్చింది.
సోయి రాలే.
జేబుల చెయ్యి పెడితే
రూపాయి బిళ్లకూ అంగి గుండీకీ తేడా చెప్పదు.

"కుడి చేత్తోని ఇసురుడు, ఎడమతోని తిప్పుడు,
అందరు గదే కొంటరు" అని వాజిద్
ఎడమ పిడిది ముందుకు జరిపిండు.
నేను ఎనుకకు జరిపిన.
"కుడి పిడిది ఇయ్యి. ఇసిరేది ఎడమ చెయ్యి."
"ఎడమతోనా? ఎన్నడన్న ఇసిరినవా?"
"లే."
మూడు వేల రెండొందలు. రెండొందలు ఇడిసిండు,
వాళ్లింటి మిక్సీ నా నెత్తిన పెట్టి.

పది రోజులు షెడ్డు ఎనుక సందుల,
కప్పకు బదులు నట్టు కట్టి, బకెట్ దిక్కు.
చెప్పు మీద పడ్డది.
ఎదురింటి సరోజన తోమి బోర్లించిన గిన్నెల మీద పడ్డది.
చిక్కు పడ్డప్పుడల్ల కూసుండి ఇప్పుకుంట పోయిన.
చిక్కుల మీద నాకు కోపం రాదు.
"గంత ఓపిక ఇంట్ల కూడ ఉంటే" అని
మా లచ్చుమమ్మ మాట సగంల ఇడిసిపెట్టి
లోపలికి పోయింది.

మొగులు పట్టిన పొద్దున ధర్మసాగర్ కట్ట దిగిన.
సొసైటీ సారంగం చీటీ రాసి, బీడీ ముట్టించి,
పక్కనే నిలవడ్డడు చూద్దామని.

తుంగ పొంటి నీళ్లు కుతకుతమన్నయి.
ఎడమ చెయ్యి లేచింది, కప్ప పోయింది.
అది గాల్లె ఉండంగ చూసిన, ఆ ఎరుపు.
పిల్లలు.
మెతుకంతవి, వేలకు వేలు, ఒక్క ముద్దయి తిరుగుతున్నయి,
వాటి కింద తల్లో తండ్రో, నల్లగ, కదలకుంట.

వేలు నొక్కింది.
నేను చెప్పినట్టు యాదికి లేదు.
కప్ప బారెడు ఇవతలనే పడ్డది.

"మూడు వేలు పెట్టి కొన్నది ఆపెటందుకేనా?"
సారంగం నవ్విండు, దగ్గు వచ్చేదాక నవ్విండు.
దారం చుట్టుకున్న. నీలిది ఊకుంది.

ఎండ ఎక్కేదాక తూము దిక్కు ఇసిరిన.
ఒక్కటి పడలే.
ఎడమ బొటనవేలి మీద దారం గీసిన సన్నటి గీత
ఇల్లు చేరేదాక సుర్రుమన్నది,
పప్పుల చెయ్యి పెడితే మల్ల సుర్రుమన్నది.