వెంట్రుకవాసి

వూచ్ నగరంలో నూలుమిల్లులు మూతబడి చాన్నాళ్ళయింది.
ఒకప్పుడు కండెలు తిరిగిన మూడో అంతస్తులో
ఇప్పుడు నా పళ్ళ ఆసుపత్రి.
గోడల ఎర్రిటుకలకి ఇంకా యంత్రాల నూనెవాసన,
వాన పడితే మరీను.

బొగుమీవా ఫిబ్రవరిలో వచ్చింది,
బూట్లకి మంచు బురదతో,
గుండీల డబ్బాలో తన పన్ను పెట్టుకుని.
ముందు పన్ను. పై వరసలో ఎడమది.
ట్రామ్ మెట్టు మీద జారిపడిందట.
"పారేయడానికి చేతులు రాలేదు" అంది
అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.
కిటికీ కేసి చూసి, "మా అమ్మ ఇక్కడే
తెగిన పోగులు ముడేసేది" అని కూడా అంది.

పన్ను అంచున చిన్న గంటు.
నలభై రెండేళ్ళు దారం కొరికిన చోటు.
కత్తెర పక్కనే ఉన్నా
చెయ్యి దానికోసం వెళ్ళేది కాదట,
దారమే నోటిదాకా వచ్చేదట.

తెరమీద ఆమె దవడని తిప్పి చూపించాను.
"ఇదిగో, పెదవి వైపు ఎముక
కోడిగుడ్డు పెంకంత.
అది పగిలితే చిగురు పైకి జరిగిపోతుంది,
నవ్విన ప్రతిసారీ లోహం నీడ బయటపడుతుంది.
వెనకాల నమిలే పన్నయితే ఎవరు చూడొచ్చారు?
ముందు పన్నుకి అబద్ధమాడ్డం రాదు."

ముందు కంప్యూటర్లో నాటాను మరని,
నీలం రంగుది, నెత్తురు లేనిది.
కోణం సరిచేశాను, లోతు సరిచేశాను,
చెరిపేసి మళ్ళీ సరిచేశాను.
రాత్రంతా కూర్చుని ప్రింటర్
పళ్ళమీద ఇమిడే ఒక తొడుగు అచ్చుపోసింది,
గాజులాంటిది, మధ్యలో ఉక్కు కంత.
బరమా ఆ కంతలోంచే దిగాలి.
బొగుమీవా దాన్ని వెలుతురుకెత్తి చూసింది.
"కాగితం నమూనా! మేమూ ఇలాగే కత్తిరిస్తాం.
కానీ డాక్టరమ్మా, గుడ్డ కదులుతుంది."

ఎముక గుడ్డ కాదన్నాను.

కదిలింది.
అంగిలి వైపు ఎముక గట్టిది,
బరమాని మెత్తటి వైపుకి
జనంలో మోచేత్తో తోసినట్టు తోసింది.
తెర చెప్పకముందే నా వేళ్ళకి తెలిసిపోయింది.

ఆ సాయంత్రం రెండు చిత్రాలూ ఒకదానిమీద ఒకటి పరిచాను.
అనుకున్నది నీలం. అయినది ఎరుపు.
మొదట్లో అర మిల్లీమీటరు,
కొసన ఒకటికి కాస్త ఎక్కువ,
వాలు రెండు డిగ్రీల పైచిలుకు.
పుస్తకాల లెక్కలో ఇది మంచి గురే.
ఒట్టి చేత్తో నాటిన రోజుల్లో
నేను తప్పిన దూరాలు నాకు గుర్తున్నాయి,
ఇద్దరి పేర్లతో సహా.
అయినా ఆ ఎరుపుకీ నీలానికీ మధ్య సందు
నన్ను నిద్రపోనివ్వలేదు.
వెంట్రుకవాసి అనేస్తాం,
ఎన్ని వెంట్రుకలో లెక్కపెట్టం.

మర్నాడు ఉన్నదున్నట్టు చూపించాను.
ఆమె కళ్ళజోడు సర్దుకుంది.
"పెళ్ళికోటు భుజం దగ్గర ఇంత తేడా వస్తే
నేను విప్పను,
లోపలి కుట్టులో సర్దేస్తాను.
గుడ్డు పెంకు పగిలిందా?"
లేదన్నాను.
"మరి?"

ఎముక మరని తనదనుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.
జెమోవిత్ పింగాణీ పన్ను చేసి పంపాడు,
కుడి పన్నుకి అద్దంలో బొమ్మ.
గంటు లేదు.
ఆమె నాలుకతో తడిమింది, రెండుసార్లు.
"బావుంది. ఎవరిదో గానీ."
గంటు పెట్టమంది.
పెడితే అక్కణ్ణించే బీటలు వారుతుందన్నాను.
దారం గీరం కొరకొద్దని గట్టిగా చెప్పాను.
తలూపింది, పిల్లలు తలూపినట్టు.

వెళ్ళబోతూ నా తెల్లకోటు చూసింది.
రెండో గుండీ వేలాడుతోంది.
విప్పమనలేదు, సూది ఆమె సంచిలోనే ఉంది.
నిలబెట్టే కుట్టింది,
నా ఊపిరి ఆమె జుట్టుకి తగిలేంత దగ్గరగా.
ముడి వేసింది.
దారం లాగి నోటిదాకా తెచ్చింది.

ఆగింది.
నా మొహం చూసింది.
దారాన్ని
ఒక్క పన్ను పక్కకి జరిపి
టక్కున కొరికింది.